హారన్ కింద పసుపు

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెత నన్ను చూసే పుట్టి ఉంటుందని మా బావ అన్నాడు. ఇంట్లో అన్నా బాగుండేది. గుడివాడలో దుర్గాశ్రీనివాస్ షెడ్డులో, పాత కారు చూద్దామని మూగిన జనమంతా వినేలా అన్నాడు. అనక ఏం చేస్తాడు? ఆ కొత్త స్టీరింగు కొనిపెట్టింది నేనే మరి.

బావ పేరు బుచ్చిబాబు. మా అక్క నాగేంద్రమ్మ భర్త. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి చెప్పి, చివరికి గుడివాడలో ఇల్లు కట్టుకుని ఉండిపోయాడు. నేను బందరులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి మొక్కు మీద పుట్టాం గనక అక్కకి ఆ పేరు, నాకు ఫణికుమార్ అని పెట్టారు. పెళ్లిచూపుల నాడే బావ "మీ ఇంట్లో అందరూ పాములేనా" అని అడిగాడు. అక్క లోపల్నుంచి కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు విని ఒప్పుకున్నానని బావ ఇప్పటికీ చెబుతాడు.

వాళ్లకి పిల్లలు లేరు. కారు ఉంది. పాలమీగడ రంగు పద్మిని. ఉయ్యూరు చెరకు ఫ్యాక్టరీలో పనిచేసే ఇంజనీరొకాయన బదిలీ మీద వెళ్లిపోతూ అమ్మితే బావ కొన్నాడు. లెక్కల మాస్టారికి కారేమిటని స్టాఫ్ రూములో చాలామందికి అప్పట్లో నిద్రపట్టలేదట. బావ అవేవీ చెవిన పెట్టుకోలేదు. ఆదివారం వస్తే చాలు, అక్కని పక్కన కూర్చోబెట్టుకుని ఎటో ఒకటు వెళ్లిపోయేవాడు. నేను బందరు నుంచి వెళ్లినప్పుడల్లా వెనక సీటు నాది. ఆ సీట్లో కూర్చుని నేను తిన్న మరమరాల పొట్లాలకి లెక్కలేదు.

అక్కకి కారంటే ఇష్టం, కాలవంటే భయం. మా డెల్టాలో ఈ రెండింటినీ విడదీయడం కుదరదు. ఏ రోడ్డు చూసినా ఒక పక్క పొలం, ఒక పక్క కాలవ. ఏడాదికోసారైనా ఏదో ఒక కారు కాలవలో పడ్డట్టు పేపర్లో వస్తుంది. అక్క ఆ వార్తని కాఫీ వేళకి పైకి చదివి వినిపించేది. కారెక్కిన దగ్గర్నుంచీ దిగేదాకా ఆవిడది ఒకటే పాట, హారన్ కొట్టండి, హారన్ కొట్టండి అని. కునికిపాట్లు పడుతూ కూడా మలుపు వస్తోందంటే కళ్లు తెరిచేది. బావ మాట్లాడకుండా స్టీరింగు నడిమధ్య అరచేత్తో ఒక్కటి వేసేవాడు. ఆ పద్మిని హారన్ సన్నగా, కాస్త ముక్కుతో మాట్లాడినట్టు ఉండేది. వీధి చివర అది వినబడితే మా ఇంట్లో మా ఆవిడ కాఫీకి నీళ్లు పెట్టేసేది.

కిందటి కార్తీకంలో అక్క పోయింది. గుండె. పెద్దగా ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు.

అప్పట్నుంచీ బావ కారు బయటికి తీయలేదు. రోజూ పొద్దున్నే స్టార్ట్ చేసి, స్టీరింగు పట్టుకుని కాసేపు కూర్చుని, ఆపేసి లోపలికి వచ్చేవాడు. ఇరుగుపొరుగు వాళ్లు నాకు ఫోన్ చేసి చెప్పేవారు. మొన్న సంవత్సరీకాలకి వెళ్లినప్పుడు ఆయన అరచేతుల నిండా గీతలు చూశాను. పాత స్టీరింగు ఎండకి పెళ్లలు లేచి, పగుళ్లు కత్తి అంచుల్లా తయారయ్యాయి. కదలని కారులో కూర్చుని చేతులు కోసుకుంటున్నాడన్నమాట.

సంవత్సరీకాలు అయిన మర్నాడు కాక ఆ మర్నాడు హంసలదీవి వెళ్లాలి. కృష్ణ సముద్రంలో కలిసే చోట స్నానం చేసి, అక్క పేరు మీద ఒక ముత్తైదువకి పసుపు కుంకుమలు, రవికెల గుడ్డ ఇవ్వాలని పురోహితుడు చెప్పాడు. అక్క ప్రతి కార్తీకంలోనూ అక్కడికి వెళ్లేది, ఈ కారులోనే. నేను టాక్సీ మాట్లాడతానంటే బావ ఒప్పుకోలేదు.

"వెళ్తే దీన్లోనే వెళ్తాను. లేకపోతే నువ్వెళ్లి రా," అన్నాడు.

ఏడాదికి ఆ మనిషి ఇల్లు కదులుతానన్నాడు, అదే పదివేలు అనుకున్నాను. పాతది పెళ్లలు లేస్తోందని కోయంబత్తూరు నుంచి నెల కిందటే తెప్పించి, ఎప్పుడిద్దామా అని బీరువాలో పెట్టుకుని, ఈసారి వెంట తెచ్చిన కొత్త స్టీరింగు బయటికి తీశాను. చిన్నది, గుండ్రంగా, తోలు చుట్టి ఉంది. పట్టుకుంటే మెత్తగా పాపాయి చెయ్యిలా ఉంది. బావకి నచ్చింది. నచ్చిందని అనలేదుగానీ రెండుసార్లు తడిమి చూశాడు. శ్రీనివాస్ షెడ్డులో బిగించాం. తిరుగుతోంది, బాగుంది. బావ అలవాటుగా మధ్యలో అరచేత్తో కొట్టాడు. హారన్ మోగలేదు. సామెత అప్పుడొచ్చింది.

దుర్గాశ్రీనివాస్ ఆటో ఎలక్ట్రీషియన్. ఒకప్పుడు బావ దగ్గర లెక్కల్లో మూడుసార్లు తప్పాడు. ఆ కక్ష మనసులో ఉందో లేదో తెలియదుగానీ, ఏ బండి దగ్గరికొచ్చినా ముందు ఉపన్యాసం ఇస్తాడు, తర్వాత పని మొదలెడతాడు.

"ఇవన్నీ పాత వైరింగులు మాస్టారూ. చూడగానే చెప్పేస్తాను. ఫ్యూజు."

ఫ్యూజు మార్చాడు. మోగలేదు.

"అయితే రిలే."

రిలే మార్చాడు. మోగలేదు.

"అయితే హారనే కాలిపోయింది. ఇంక అనుమానం లేదు."

హారన్ విప్పి నేరుగా బ్యాటరీకి తగిలిస్తే షెడ్డు ఎగిరిపోయేలా మోగింది. పక్కన నిద్రపోతున్న కుక్క లేచి పారిపోయింది. శ్రీనివాస్ ఏమాత్రం సిగ్గుపడకుండా, "చెప్పాను కదండీ, హారన్‌కి ఏమీ కాలేదు," అన్నాడు. స్టీరింగు కడ్డీ లోంచి వచ్చే తీగని కారు బాడీకి తాకిస్తే అప్పుడూ మోగింది. అంటే కరెంటు వస్తోంది, హారన్ బతికే ఉంది. మన చెయ్యి నొక్కే చోటికీ ఆ తీగకీ మధ్యే ఎక్కడో మాట పడిపోయింది.

మళ్లీ స్టీరింగు చక్రం విప్పారు. ఇలాంటి కొత్త చక్రం పాత కడ్డీకి నేరుగా కూర్చోదు, మధ్యలో ఒక అల్యూమినియం దిమ్మ వేయాలి. ఆ దిమ్మ కూడా తీసి చూస్తే, కడ్డీ తల చుట్టూ ఒక ఇత్తడి రింగు ఉంది. చక్రం అడుగున స్ప్రింగు మీద ఉండే చిన్న రాగి మొన ఆ రింగుని రాసుకుంటూ తిరుగుతుంది. హారన్ నొక్కితే ఆ మొన ద్వారానే కరెంటు వెళ్లాలి. కానీ రింగు ఇత్తడి రంగులో లేదు. దాని మీద గోధుమ రంగులో ఏదో గట్టిగా పెచ్చు కట్టింది. ఆ పెచ్చు మధ్య సన్నగా ఒక మెరిసే గీత. పాత చక్రం మొన ఇన్నేళ్లూ తిరిగి తిరిగి అరగదీసుకున్న దారి అది. కొత్త చక్రం మొన దానికి కాస్త పక్కగా, సరిగ్గా పెచ్చు మీద కూర్చుంది.

"దొరికాడండీ దొంగ," అన్నాడు శ్రీనివాస్ బ్లేడు తీస్తూ. "ఎంత మురికి పేరుకుపోయిందో చూడండి. గీకేస్తే రెండు నిమిషాల్లో అయిపోద్ది."

బావ వంగి చూశాడు. వేలితో ముట్టుకుని వాసన చూశాడు. శ్రీనివాస్ బ్లేడు ఆనించబోతుంటే మణికట్టు పట్టుకున్నాడు.

"అది మురికి కాదు," అన్నాడు.

నాకూ అప్పుడే గుర్తొచ్చింది. దసరాకి అందరూ బండ్లకి పసుపూ కుంకుమా పెడతారు, బానెట్టుకీ చక్రాలకీ. అక్క అంతటితో ఊరుకునేది కాదు. స్టీరింగు మధ్యలో ఉన్న హారన్ మూత ఊడదీయించేది. "మూతకి పెడితే ఏం లాభమండీ, మోగేది లోపలిది కదా," అనేది. బావ స్క్రూడ్రైవరు పెట్టి మూత తీసి ఇస్తే, గిన్నెలో పల్చగా కలిపిన పసుపులో ఉంగరం వేలు ముంచి ముంచి లోపలంతా అలికి, కుంకుమ బొట్లు పెట్టి దణ్ణం పెట్టుకునేది. మిగిలినది ఆ సందుల్లోంచి కిందికి కారేది. నేను వెనక నుంచి, "అక్కా, హారన్‌కి జలుబు చేస్తుంది," అని ఏడిపించేవాణ్ణి. అన్ని దసరాల పసుపూ ఆ రింగు మీదికి దిగి, గ్రీజుతో కలిసి ఎండి, రాయిలా అయింది. పాత చక్రం ఉన్నన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు.

"బావా, పసుపే. కాదనను. కానీ అది ఉంటే హారన్ మోగదు," అన్నాను.

"మోగకపోతే పోయింది."

"హారన్ లేకుండా దివిసీమ రోడ్ల మీద ఎలా నడుపుతావు?"

"నెమ్మదిగా నడుపుతాను."

నాకు ఒళ్లు మండింది. "అక్క పసుపే కావాలంటే ఇంట్లో డబ్బా నిండా ఉంది. దాన్ని దాచుకో."

"ఆ డబ్బాలో ఉన్నది కొట్టువాడి పసుపు. ఇది ఆవిడ చేత్తో పెట్టింది."

శ్రీనివాస్ బ్లేడు జేబులో పెట్టుకుని, పక్క బండి దగ్గర పనున్నట్టు వెళ్లిపోయాడు. ఆ మాత్రం మర్యాద ఉన్నవాడే. బావ కారు డోరు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"చీరలన్నీ మీ చెల్లెళ్లకి ఇచ్చేశాం. మంచిదే, కట్టుకుంటారు. వానలకి గోడలు చెమ్మగిల్లాయని ఇంటికి రంగులు వేయించానా, ఆ పెయింటరు గడపకి కూడా పసుపు రంగు ఎనామిల్ కొట్టేశాడు. ఇక రోజూ పసుపు రాసుకోనక్కర్లేదు మాస్టారూ అని చెప్పి మరీ వెళ్లాడు. ఇల్లు కట్టినప్పట్నుంచీ రాసిన పసుపు ఫణీ. వాడు కొడుతుంటే నేను ఇంట్లోనే ఉన్నాను. అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాను. నాకు తట్టనే లేదు." కాస్త ఆగి, "ఆవిడ చెయ్యి పడింది ఇంక ఇదొక్కటే. దీన్ని కూడా బ్లేడుతో గీకించమంటావా?" అన్నాడు.

 నేను వెళ్లి శ్రీనివాస్‌ని పిలుచుకొచ్చాను.

చివరికి శ్రీనివాసే మార్గం చెప్పాడు. డాష్‌బోర్డు కింద ఎడమ పక్కన ఒక బటన్ బిగించి, తీగ దానికి కలిపేస్తే సరి. స్టీరింగు ముట్టుకోనక్కర్లేదు. పది నిమిషాల్లో బిగించాడు. నొక్కితే అదే ముక్కు గొంతుతో మోగింది. రింగు మీద పసుపు అలాగే ఉంది, పైన దిమ్మ, ఆ పైన చక్రం, పైన మూత. బావ మూతని రుమాలుతో తుడిచాడు. నేను కూడా హమ్మయ్య అనుకున్నాను. కర్ర విరగకుండా పాము చచ్చిందనుకున్నాను.

మర్నాడు తెల్లవారగానే బయల్దేరాం. పామర్రు దాటి మొవ్వ వైపు తిరిగేసరికి ఎండ ఇంకా లేతగా ఉంది. వరి పొట్ట మీద ఉంది. పొగమంచు చేల మీంచి లేచి రోడ్డుకి అడ్డం వస్తోంది. నేను పక్క సీట్లో కూర్చున్నాను. ఆ కారులో ముందు సీట్లో కూర్చోవడం నాకు అదే మొదటిసారి. సీటు అక్క కూర్చున్న తీరుకి నొక్కుకుపోయి ఉంది, ఎంత సర్దుకున్నా నాకు సరిపోలేదు. బావ ఒకటి రెండు చోట్ల డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి, వెతికి, బటన్ నొక్కాడు. "అలవాటైపోతుందిలే," అన్నాడు.

చల్లపల్లిలో ఆగి ఇడ్లీ తిన్నాం. ఇక్కడే అక్క ఒకసారి చట్నీ బాగుందని గిన్నెతో కట్టించుకుని, దాన్ని ఒళ్లో పెట్టుకుని అవనిగడ్డ దాకా వచ్చింది. మలుపులో హారన్ కొట్టండి అని చెయ్యి చూపించబోతే చట్నీ అంతా చీర మీద పడింది. మేం ఇద్దరం ఆ సంగతే తలచుకున్నాం. బావ చాలా రోజుల తర్వాత పైకి నవ్వాడు. నవ్వి, ఇంకో కాఫీ చెప్పాడు. ఆ నవ్వు చూసి ఇంత దూరం వచ్చినందుకు నాకు తృప్తిగా అనిపించింది.

అవనిగడ్డ దాటి కోడూరు రోడ్డులో పడ్డాం. ఎడమ పక్క కాలవ నిండుగా పారుతోంది. ఒక చోట రోడ్డు కాలవతో పాటే మెలిక తిరుగుతుంది. మలుపుకి కుడి పక్క తుంగ మనిషెత్తు పెరిగి, పొలాల్లోంచి వచ్చే పుంతదారి కనిపించదు. బావ మలుపు తిప్పుతూ స్టీరింగు మధ్య అరచేత్తో కొట్టాడు. ఇన్నేళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే పోయింది. చప్పుడు రాలేదు. సరిగ్గా అప్పుడే పుంతదారి లోంచి ఒక మోపెడ్ రోడ్డు మీదికి వచ్చేసింది. ఒకామె, వెనక రెండు తట్టలు. బావ మళ్లీ కొట్టాడు, ఇంకా గట్టిగా, అక్కడే. తర్వాత బ్రేకు తొక్కి ఎడమకి కోసేశాడు.

కారు ఆగేసరికి నా కిటికీ లోంచి కాలవ నీళ్లు తప్ప ఇంకేం కనిపించలేదు. ముందు చక్రం గట్టు అంచున ఆగింది. నా వైపు తలుపు తీసుకుని దిగితే నీళ్లలోకే దిగాలి. బావ వైపు నుంచి పాక్కుంటూ బయటపడ్డాను. మోపెడ్ తుంగలో పడి ఉంది, ఇంజను ఇంకా కొట్టుకుంటోంది. ఆమె మోకాళ్ల దాకా బురదతో లేచి నిలబడింది. తట్టల్లోని చేపలన్నీ రోడ్డంతా పరుచుకున్నాయి.

"ఏంటయ్యా, కళ్లు నెత్తికెక్కినియ్యా," అంది ఆమె బావని చూసి. "ఇంత మలుపు తిప్పుతా హారన్ కొట్టొద్దా? అడుగు తేడాలో నా పిల్లలు తల్లి లేనోళ్లయ్యేవోళ్లు."

"కొట్టానమ్మా," అన్నాడు బావ.  "మోగలేదు."

ఆమె ఆయన మొహం చూసి, బురద దులుపుకోవడం మొదలెట్టింది. మోచెయ్యి గీసుకుపోయింది తప్ప దెబ్బలేమీ లేవు. పేరు పెద్దింట్లమ్మ అట, పాలకాయతిప్ప దగ్గర్నుంచి చేపలు తెచ్చి కోడూరు పక్క ఊళ్లలో అమ్ముతుందట. నేను మోపెడ్ లేపి, చేపలు ఏరడం మొదలుపెట్టాను. పుట్టి బుద్ధెరిగాక చేపని ముట్టుకోని చేతులు నావి. కానాగంత చేపలు వేళ్ల సందుల్లోంచి జారిపోతున్నాయి. ఎలాగూ స్నానానికే వెళ్తున్నాం కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పెద్దింట్లమ్మ నా అవస్థ చూసి, "తోక కాడ పట్టుకోండి బాబుగారూ," అంది.

అందరం కలిసి కారుని వెనక్కి నెట్టాం. రోడ్డు మీదికి వచ్చాక బావ డిక్కీ తెరిచి పనిముట్ల సంచీ తీశాడు. పద్మిని నడిపేవాడి డిక్కీలో సగం వర్క్‌షాపు ఉంటుంది. పెద్ద స్పానరు తీసుకుని డ్రైవరు సీట్లో కూర్చుని, హారన్ మూత ఊడబెరికాడు.

"బావా, ఇప్పుడెందుకు? కోడూరులో చూద్దాం," అన్నాను.

"ఇక్కడే," అన్నాడు. "మీ అక్క అక్కడ పసుపు పెట్టింది దేనికి? మలుపులో ఎవరికీ ఏమీ కాకూడదని. ఆ పసుపు దాచుకుందామని నేను ఒక మనిషిని చంపబోయాను. ఆ తట్టలామె కాలవలో పడి ఉంటే నేను రేపు మీ అక్క ఫొటో ముందు ఎలా నిలబడతాను?"

స్పానరు నేను అందుకోబోయాను. ఇవ్వలేదు. చక్రం తీసి నా చేతికిచ్చాడు. దిమ్మ తీశాడు. చిన్న స్క్రూడ్రైవరుతో, ఎడమ అరచెయ్యి కింద పట్టుకుని, నెమ్మదిగా గీకడం మొదలుపెట్టాడు. పైపొర నల్లగా జిగురుగా రాలింది. తర్వాత గోధుమ రంగు. లోపలికి వెళ్లేకొద్దీ పసుపు పసుపుగానే ఉంది. కారంతా ఆ వాసన కమ్ముకుంది. అక్క దగ్గరికి వెళ్తే చీర కొంగులోంచి వచ్చే వాసన. 

"ఇక్కడ ఇంత మందంగా ఉందేంటి?" అన్నాడు బావ తనలో తనే అనుకుంటున్నట్టు. "కరోనా ఏడాదిది అయ్యుంటుంది. గుడికి వెళ్లనివ్వలేదని కారుకే రెండు రెట్లు పెట్టింది."

పెద్దింట్లమ్మ తట్టలు కట్టుకోవడం అయిపోయినా వెళ్లలేదు. చెంగుతో మోచెయ్యి అద్దుకుంటూ నా దగ్గరికి వచ్చి, "ఏం గీకుతున్నారండీ ఆయన?" అని మెల్లగా అడిగింది. చెప్పాను. అక్క సంగతీ, దసరా సంగతీ, సంగమానికి వెళ్తున్న సంగతీ. 

"మా పడవ ముక్కుకీ పెడతానండి ఏటేటా," అంది. "పెట్టేముందర పాతదంతా కడిగేత్తాం. పాతదాని మీద పెట్టకూడదంటారు మావోళ్లు. ఎందుకో నాకు తెలవదు."

బావ విన్నాడో లేదో తెలియదు. రింగు బంగారంలా మెరిసేదాకా గీకి, రుమాలుతో తుడిచి, కారు దిగి కాలవ గట్టు అంచుకి వెళ్లాడు. అరచెయ్యి నీళ్లలో ముంచాడు. పసుపు ఒక్క క్షణం నీళ్లలో పరుచుకుని, కదిలి, ప్రవాహంలో కలిసిపోయింది. ఆ కాలవ సముద్రానికే వెళ్తుందని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. కాసేపు అలాగే చెయ్యి నీళ్లలో ఉంచి కూర్చున్నాడు. 

తిరిగి వచ్చి దిమ్మ పెట్టి, చక్రం బిగించి, శ్రీనివాస్ కట్టిన తీగ విప్పి పాత చోట కలిపాడు. అంతా అయ్యాక హారన్ నొక్కుతాడనుకున్నాను. నొక్కలేదు. వెనక సీట్లోంచి సంచీ తీశాడు. అందులో సంగమం దగ్గర ఇవ్వాల్సిన పసుపు, కుంకుమ, రవికెల గుడ్డ, అరటిపళ్లు ఉన్నాయి. సంచీతో పెద్దింట్లమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆమె మెడలో పసుపుతాడు బురద అంటుకుని ఉంది.

"అమ్మా, మా ఆవిడ పేరు మీద ముత్తైదువకి ఇమ్మన్నారు. నువ్వు తీసుకో," అన్నాడు.

"నాకెందుకండీ బాబుగారూ, అక్కడ పెద్దోళ్లు ఎవరన్నా ఉంటారు."

"నీకే ఇవ్వాలి."

ఆమె చేతులు చీరకి తుడుచుకుని కొంగు పట్టింది. తీసుకుని కళ్లకద్దుకుంది. బావ కదలకుండా అక్కడే నిలబడ్డాడు. ఇంకేదో అడగాలనుకుంటున్నాడనీ, నోరు రావడం లేదనీ నాకు అర్థమైంది. అర్థమైతే మాత్రం ఏం, ఆ మాట నేను అడగకూడదు. ఆయనే అడగాలి.

"ఆ స్టీరింగుకి కాస్త పసుపు పెట్టి వెళ్తావా అమ్మా," అన్నాడు చివరికి. "ఈ దసరాకి ఎవరూ పెట్టలేదు."

"చేపల చేతులండీ."

"పర్లేదు."

పెద్దింట్లమ్మ కాలవలో చేతులు కడుక్కుని వచ్చింది. అరచేతిలో పసుపు వేసుకుని నాలుగు నీటిచుక్కలతో తడిపింది. కారులోకి వంగి, మూత ఊడదీసి ఉండడం చూసి వేలు లోపలికి పెట్టబోయింది.

"లోపల వద్దమ్మా," అన్నాను నేను గాభరాగా. "మూత పెట్టాక, పైన."

బావ మూత నొక్కి పెట్టాడు. ఆమె ఉంగరం వేలితో మధ్యలో పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, ఒకసారి దణ్ణం పెట్టుకుని వెనక్కి జరిగింది. బావ డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. బొట్టు చెదరకుండా మూత అంచు మీద అరచెయ్యి వేసి నొక్కాడు.

మోగింది. అదే సన్నటి గొంతు, ముక్కుతో. తుంగలోంచి కొంగలు లేచాయి. అవతల గట్టు మీద గేదెలు తలెత్తి చూశాయి. బావ చెయ్యి తీయలేదు. మోగుతూనే ఉంది.

"ఇంక చాలు బాబుగారూ, చెవులు పోతన్నాయి," అంది పెద్దింట్లమ్మ నవ్వుతూ. తర్వాత నవ్వడం మానేసింది.

నేను వంగి కిటికీ లోంచి చూశాను. బావ తల స్టీరింగుకి ఆనించి, ఆ చప్పుడు కింద గొంతెత్తి ఏడుస్తున్నాడు. అక్కని తీసుకెళ్లిన రోజున కూడా ఆయన అలా ఏడవలేదు, వచ్చినవాళ్లకి కుర్చీలు వేయించాడు. ఇప్పుడు నోరు తెరిచి ఏడుస్తున్నాడు, ఆ హారన్ మోగుతున్నంతసేపూ ఎవరికీ వినబడదన్న ధైర్యంతో. పాత బ్యాటరీ, ఇంకాసేపు ఇలాగే మోగితే హంసలదీవి దాకా తోసుకుంటూ వెళ్లాల్సిందే. అయినా నేను ఆపమనలేదు. పెద్దింట్లమ్మని కొంచెం అవతలికి తీసుకెళ్లి, మోపెడ్ పక్కన ఇద్దరం రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాం.